విడుపులమ్మ కిటికీ

ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా రైల్వే యార్డు వెనకాల, ఆఖరి వరసలో ఆఖరి క్వార్టరు. చీకటి పడితే ఆ పక్కకి మగాళ్ళెవరూ వెళ్ళేవారు కారు. లైను కాసే గ్యాంగుమన్లు సైతం లాంతరు రెండో చేతికి మార్చుకుని, అటు చూడకుండా, అవతలి పట్టాల మీంచి పోయేవారు. ముందు తలుపుకి అడ్డంగా పలకలు కొట్టేసి ఏళ్ళయింది. లోపల మనిషి లేడు. అయినా పక్కసందులోని కిటికీ దగ్గర నిలబడితే — ఊపిరి వినబడేది.

లోపలికి పీల్చడం... ఆగడం... మెల్లగా వదలడం.

ఆ ఇంట్లో ఒకప్పుడు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉండేవాడట. డ్యూటీకి పోతూ పెళ్ళాన్ని లోపల ఉంచి బయట తాళం వేసుకు పోయేవాడు. తొమ్మిదేళ్ళు అలాగే వేశాడు. ఒకనాడు తెల్లవారి వచ్చి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది. కిటికీ ఊచలు ఒక్కటీ వంగలేదు. పొయ్యి మీద గంజి ఇంకా పొగలు కక్కుతోంది. ఆవిడ మాత్రం లేదు. మళ్ళీ ఎవరికీ కనబడనూ లేదు.

మగాళ్ళు దెయ్యం అన్నారు. ఆడవాళ్ళు విడుపులమ్మ అన్నారు.

ఆ తల్లికి విగ్రహం లేదు, గుడి లేదు. గురువారం గురువారం దీపాలవేళ ఆడవాళ్ళు చిన్న తాళంకప్ప కొంగున ముడేసుకుని వెళ్ళేవారు. ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి పోయి, తాళంకప్ప కన్నానికి పెదవులు ఆనించి తమ కష్టం గుసగుసగా చెప్పుకునేవారు. తర్వాత దాన్ని ఊచకి బిగించి, తాళంచెవి మురుగుకాలవలో పారేసేవారు. మళ్ళీ గురువారానికి ఆ కప్ప తెరుచుకుని వేలాడుతుంటే అమ్మ విడుపు ఇచ్చినట్టు.

అమ్మ దగ్గర ఎవరూ ఎవరినీ 'ఎక్కడికి' అని అడగకూడదు. 'ఆగు' అనకూడదు. ఒకరు చెప్పుకుంటుంటే ఇంకొకరు కాపలా ఉండకూడదు. అందుకే పెద్ద భక్తురాలు సింహాచలమ్మ అరుగు మీద దీపం వెలిగించి, పాట ఎత్తి ఇచ్చి, అందరికన్నా ముందు తనే వెళ్ళిపోయేది. ఆవిడ అరవై దాటిన మనిషి. ఫిట్టరు చేసిన మొగుడు పోయి ఇరవై ఏళ్ళు. ఇంటి తలుపుకి గొళ్ళెం కూడా పీకించేసింది.

"నాను ఎవుల్నీ కట్టను. నన్నెవులూ కట్టొద్దు" అనేది.

అప్పలనర్సమ్మ ఆవిడని పెద్దమ్మా అని పిలిచేది. పదకొండేళ్ళు ఆవిడ ఎత్తిన పాటే పాడింది.

ఎనభై ఆరో సంవత్సరంలో అప్పలనర్సమ్మకి కష్టం వచ్చింది. కూతురు నాగవల్లికి పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. తండ్రి నూకరాజు వర్క్‌షాపులో పని. ఊరవతల సాలువాలో ఉన్న తన అక్క కొడుకుకి ఆ పిల్లని ఇస్తానని మాట ఇచ్చేశాడు. వాడికి ఇరవై ఎనిమిదేళ్ళు. మాఘమాసంలో పెళ్ళి.

"గుంట సదువుకుంటాది మావా" అంది అప్పలనర్సమ్మ.

"సదివి ఏటి సేస్తాది? అన్నం వార్సడానికి ఎనిమిదో క్లాసు సాల్దేటి?"

పలాసలో చెల్లెలు ఉంది. పిల్లని పంపించు, బడిలో వేస్తానంది. అప్పలనర్సమ్మ ఆ సంగతి ఇరుగుపొరుగుకి చెప్పలేదు. పిల్లకీ చెప్పలేదు. ఒక్క అమ్మకే చెప్పుకుంది, తాళంకప్పలో.

"తల్లీ... ఈ గురువారం కాదు, వచ్చే గురువారం దాటితే శుక్రవారం... పొద్దుటి బండికి గుంటని తీసుకుని పలాస పోతాను. విడుపు ఇయ్యి."

కిటికీ అవతల ఊపిరి ఒక్క క్షణం ఆగింది. విన్నట్టే ఆగింది.

మళ్ళీ గురువారానికి తాళంకప్ప తెరుచుకుని వేలాడుతోంది! ఆ రాత్రి అప్పలనర్సమ్మకి సంతోషంతో నిద్రపట్టలేదు. పొద్దున్నే మొగుడు డ్యూటీకి పోయాక రెండు చీరలు, పిల్ల పుస్తకాలు మూటకట్టుకుని స్టేషనుకి వెళ్ళింది.

ప్లాట్‌ఫారం బెంచీ మీద నూకరాజు కూచుని ఉన్నాడు. పొట్లంలో మరమరాలు తింటున్నాడు.

"వచ్చినావేటి? అరగంటనించీ సూస్తన్నాను" అన్నాడు నవ్వుతూ. "పద. గుంటకి ఆకలేస్తాది."

కొట్టలేదు. తిట్టలేదు. ఇంటికి వచ్చాక పిల్ల పుస్తకాలు ఒక్కొక్కటే చింపి పొయ్యిలో పెట్టాడు.

పక్కింటి సూసన్న ఆ సాయంత్రం గోడ మీంచి పిలిచింది. "బండి సంగతి నాకే సెప్పనేదు. మరెవులికి సెప్పినావు వదినా?"

"అమ్మకి."

"మరైతే అమ్మే సెప్పుంటాది" అని నవ్వింది సూసన్న. "నానూ తాళం కడదామనుకున్నాను గానీ, మా పాస్టరుకి తెలిస్తే ముందు నా నోటికి తాళమేస్తాడు!"

అప్పలనర్సమ్మకి నవ్వు రాలేదు. సూసన్న ఆడిన మాట ముల్లులా దిగింది.

మళ్ళీ గురువారం ఇంకో తాళంకప్ప కొన్నది. కన్నానికి పెదవులు ఆనించి ఒక అబద్ధం చెప్పింది — "అమ్మా, ఈసారి ట్రంకుపెట్టె సర్ది సూసన్న అటక మీద దాచినాను."

ట్రంకు లేదు, ఏమీ లేదు.

శనివారం నూకరాజు నిచ్చెన భుజాన వేసుకుని సూసన్న ఇంటికి వెళ్ళాడు. అటకంతా వెతికాడు. పాత క్రిస్మస్ నక్షత్రం ఒకటి, దుమ్ము — అంతే. సూసన్న కింద నిలబడి, "పెట్టె లేదు గానీ అన్నా, ఎలకలున్నాయి, రెండు పట్టుకెల్లు" అంటోంది. ఇవతల గోడ పక్కన నిలబడి అప్పలనర్సమ్మ అంతా వింది.

పదకొండేళ్ళు... ఎన్ని సంగతులు చెప్పుకుంది ఆ కిటికీకి!

పై గురువారం అందరూ వెళ్ళిపోయేదాకా సందు చివర నిలబడింది. కరెంటు పోయింది. యార్డులో దీపాలు కూడా లేవు. ఎక్కడో వ్యాగన్లు గుద్దుకున్న చప్పుడు... తర్వాత నిశ్శబ్దం.

కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో తాళం లేదు. ఊచలు రెండు చేతులా పట్టుకుంది.

ఊపిరి వినబడుతోంది. చెంప మీద వెచ్చగా తగులుతోంది.

"ఎందుకు సెప్పినావమ్మా?"

ఊపిరి ఆగింది.

"నీకు కాక ఇంకెవులికీ సెప్పుకోనేదే... ఎందుకు సెప్పినావు?"

చీకటి. ఆ తర్వాత — చిన్న దగ్గు. గుడ్డ అడ్డం పెట్టి నొక్కేసిన దగ్గు.

అప్పలనర్సమ్మకి ఆ దగ్గు తెలుసు. ఆ దగ్గుకి తను ఎన్ని చలికాలాలు వాముకషాయం కాచి ఇచ్చిందో!

ఇంటి వెనక్కి నడిచింది. దొడ్డివైపు చిన్న తలుపు నెట్టింది. తెరుచుకుంది. అగ్గిపుల్ల గీసింది.

కిటికీ కింద గోనెసంచి పరుచుకుని సింహాచలమ్మ కూచుని ఉంది. ఒళ్ళో ఇనుప రింగుకి గుచ్చిన, కాలవ బురద అంటిన తాళంచెవుల గుత్తి. ఉబ్బసంతో గుండెలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పుల్ల ఆరిపోయింది.

"నువ్వా పెద్దమ్మా?"

"...నానే."

"మావకి సెప్పింది?"

"నానే. నీదొక్కర్తెదే కాదు... అందరిదీ. సైరను కూసేయేళ వర్క్‌షాపు గేటు కాడ నిలబడి, ఎవుల మాట వాళ్ళ మొగుడికి సెప్పేదాన్ని."

"తాళాలు తీసి విడుపన్నావు! విడిపించినట్టే సేసి వాళ్ళకే అప్పజెప్పినావా?"

సింహాచలమ్మ ఊపిరి కూడదీసుకుంది. ఏడుస్తుందేమో అనుకుంది అప్పలనర్సమ్మ. ఏడవలేదు.

"ఎల్లిపోయినోళ్ళు మరి తాళం తెస్తారేటే?" అంది మెల్లగా. "మొదట్ల ఒకర్తి ఎల్లిపోనాది. తరవాత ఇద్దరు. అరుగు మీద దీపం నానొక్కర్తెనే ఎట్టుకున్నాను. ఒక్కర్తెనే పాడుకున్నాను. అమ్మని కొలిసేవాళ్ళు ఉండద్దా మరి?"

అప్పలనర్సమ్మ గుమ్మం వైపు తిరిగింది.

"ఆగే" అంది సింహాచలమ్మ.

ఆ కొలువులో పదకొండేళ్ళలో ఆ మాట వినబడడం అదే మొదలు.

"ఇయేళ మావది నైటు డ్యూటీ. నాను మెయిలుకే పోతన్నాను" అంది అప్పలనర్సమ్మ. "ఎల్లి సెప్పుకో. అంత దూరం ఎల్లడానికి నీకు ఊపిరుంటే."

వెనకనించి రెండు అడుగులు వినబడ్డాయి. తర్వాత దగ్గు. తర్వాత ఆ దగ్గు కూడా వెనకబడిపోయింది. ఆ రాత్రి మెయిలులో, తలుపు పక్కన, నిద్రమత్తులో ఉన్న పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని అప్పలనర్సమ్మ పలాస చేరింది.

ఏడేళ్ళు ఖరగ్‌పూర్‌కి ఉత్తరం ముక్క రాయలేదు. కవరు మీద ముద్ర చూసి మొగుడు వస్తాడని భయం. నాగవల్లి టీచరు ట్రైనింగులో చేరింది. తొంభై మూడులో నూకరాజు పోయాడని కబురు వచ్చాక, అప్పుడు కూచుని సూసన్నకి ఉన్నదంతా రాసింది. కిటికీ వెనక ఉన్నది అమ్మ కాదు, సింహాచలమ్మ. ఎవరూ నోరు విప్పొద్దు, అందరికీ చెప్పు — అని.

నెల తిరక్కుండా ఇన్‌లాండు కవరు వచ్చింది. సూసన్న తను మాట్లాడినట్టే రాసింది.

"వదినకి సూసన్న నమస్కారాలు. నీ ఉత్తరం సదివి ఒళ్ళు మండిపోనాది. నువ్వెల్లిన వారమే, అప్పలనర్సమ్మకి అమ్మ విడుపిచ్చింది అని సింహాచలమ్మ ఊరంతా సెప్పుకుంది. అప్పటినించీ వచ్చే ఆడోళ్ళు రెట్టింపైనారు. ఊచల మజ్జన ఏలు దూరే జాగా నేకుండా కట్టినారు తాళాలు. నానూ కట్టినాను, నీ పేరు ఇనే కట్టినాను.

"అయితే నువ్వు రాసిందాన్లో ఒకటి నాకు అర్థం కానేదు. సింహాచలమ్మ పోయి రెండేళ్ళైనాది వదినా. ఉబ్బసంతోనే పోనాది. మొన్నటి గాలివానకి ఆ క్వార్టరు కప్పు కూడా కూలిపోనాది. ఊచల్లోంచి సూస్తే మొండి గోడలు, పిచ్చిమొక్కలు, పైన ఆకాశం. కుక్క కూసోడానికి సోటు నేదు. ఇంక వినేవోళ్ళు ఎవులూ నేరు కదాని, నీ ఉత్తరం అందిన గురువారం ధైర్యంగా ఎల్లి, మా ఆలిస్‌ని వాళ్ళ నాయనకి తెలీకుండా నర్సు ట్రైనింగుకి పంపుతున్నానని తాళంలో సెప్పుకున్నాను.

"ఊపిరి వినబడినాది వదినా. ఆగి ఆగి. మజ్జన ఒక దగ్గు.

"ఇంటికొచ్చేసరికి మా ఆయన తిమోతి గుమ్మానికి అడ్డంగా కుర్సీ ఏసుకుని కూసున్నాడు. ఆలిస్ పెట్టె ఆయన కాళ్ళ కింద ఉంది. ఎవులు సెప్పినారని నాను అడగనేదు."