పంజరం విరిగిన జీపు

సువార్తమ్మ మెట్లెక్కి వచ్చిన తీరు చూసి వీర్రాజు కుర్చీ ముందుకు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

“మా ఆయన్ని సోమవారం కోర్టుకి పంపేత్తారంటండి. దొరబాబు గారి మనుషులు షెడ్డంతా విరగ్గొట్టేరు. ఇల్లు కూడా తగలెట్టేత్తామంటన్నారు. మీరే దిక్కండి సాలమోను గారూ.”

డిటెక్టివ్ సాలమోను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. అమలాపురంలో వాచీల కొట్టు మీద ఆయనకున్నది ఆ ఒక్క గది. వీర్రాజు ఆయన సహాయకుడు. బస్సు కండక్టరు ఉద్యోగం పోగొట్టుకుని ఇక్కడ చేరాడు. సాలమోను గారి బుర్ర మీద అతనికి ఎంత గౌరవమో, లోకం మీద అంత కసి.

ఆ సంగతి ఆ వారం కోనసీమంతా చెప్పుకుంటున్నదే. దొరబాబు రాజోలు దగ్గర పెద్ద రైతు. గోదావరి లంకల్లో ఆయనకు తోటలున్నాయి. కిందటి వర్షాకాలంలో ఆయన జీపు లంకలో తిరగబడి దానం అనే కూలీ చచ్చిపోయాడు. డ్రైవరు చిన్నబ్బాయి మీద కేసు నడుస్తోంది. అది జరిగాక దొరబాబు ఏదో విదేశీ పత్రికలో బొమ్మ పట్టుకొచ్చి, బండి పల్టీ కొట్టినా లోపలివాళ్ళు నలిగిపోకుండా జీపు చుట్టూ బయటినుంచి ఇనప గొట్టాల పంజరం కట్టమని సువార్తమ్మ మొగుడు, వెల్డర్ ఏలీయాతో అన్నాడు. ఏలీయా కట్టాడు. మొన్న ఆదివారం దొరబాబు ఒక్కడే తోలుకెళ్తుంటే జీపు మళ్ళీ లంకలో తిరగబడింది. పంజరం అప్పడంలా అణిగిపోయింది. మెడ విరిగి ఆయన చచ్చిపోయాడు.

పెద్దమనిషి పోతే ఎవడో ఒకడు లోపలికి వెళ్ళాలి కదా అనుకున్నాడు వీర్రాజు.

లాకప్పులో ఏలీయా గోడకి జేరబడి ఉన్నాడు. వాచిన పెదవితోనే మాట్లాడాడు.

“అద్దం దగ్గర విల్లులా వంచిన గొట్టం ఒకటి, సీట్ల వెనకాల ఒక విల్లు, రెంటినీ కలుపుతా పైన గొట్టాలు, వెనక్కి ఏటవాలు ఊతాలు. కాళ్ళు బాడీ రేకు మీద ఆన్చలేదండి, కిందున్న ఛాసిస్ చట్రానికే దింపేను. రేకుకి బిగిత్తే కాయితంలా చిరిగిపోద్ది. గొట్టం మాత్రం బాయిలరుకి వాడే దళసరి గొట్టమండి.”

“గట్టిదో కాదో చూశావా?”

“చూడకుండా మనిషినెలా కూకోబెడతామండి? ఖాళీ జీపుని కాలవగట్టు మీంచి దొర్లించేం. చెట్టు మొద్దుకి తగిలి ఎడం పక్క ముందు వంపులో కోడిగుడ్డంత సొట్టడింది. పంజరం కదల్లేదు. సొట్ట మాపేత్తానంటే బాబుగారు, ‘ఉండనీవోయ్, దిష్టిచుక్క’ అన్నారు.”

“వంచేటప్పుడు గొట్టం నొక్కుకుపోదూ?”

“ఇసక దట్టిత్తాం కదండీ. రెండు కొసలా కర్రముక్క కొట్టి, కాల్చి వంచుతాం. తరవాత దులిపేత్తాం.”

“ఏ ఇసక?”

“గోదారి ఇసకేనండి. షెడ్డెనకాల కుప్పుంటది.”

బయట ఎస్సై నవ్వాడు. “దులిపేస్తాడట! పల్చటి నీళ్ళగొట్టం వేసి, బరువు తేడా తెలీకుండా, తడితే బోలుగా మోగకుండా లోపల ఇసక ఉంచేసేడండి వెధవ. దళసరి గొట్టం అమ్ముకునుంటాడు. విరిగినచోట మీరే చూడండి.”

జీపు స్టేషను దొడ్లో ఉంది. పంజరానికి కొత్త పచ్చరంగు నిగనిగలాడుతోంది. విరిగిన గొట్టం అంచు నిజంగానే బిళ్ళంత పల్చన. వీర్రాజు వంగి ఆ అంచును గోటితో గీకి చూశాడు. అంటే ఏలీయా అబద్ధమాడాడా?

సాలమోను ఎడమ పక్క ముందు వంపును వేళ్ళతో నెమ్మదిగా తడిమాడు. రెండోసారి తడిమాడు. తర్వాత గొట్టంలోంచి చేతిరుమాలులోకి గుప్పెడు ఇసక దులిపి ఎండలో పట్టాడు. అందులో తెల్లటి పెంకుముక్కలు మెరిశాయి.

“నాలిక మీద వేసుకో వీర్రాజూ.”

“థూ! కూరలో వేసుకోవచ్చండి ఇది.”

సాలమోను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దొరబాబు ఇంట్లో ఆయన భార్య కామేశ్వరి తలుపు చాటున కూర్చుని ఉంది. ఆవిడ తమ్ముడు బుల్లిరాజు వరండాలో మర్యాదలన్నీ తానే చేశాడు. తల్లి పోతే అక్కే పెంచిన మనిషి. లంకల్లో వ్యవహారమంతా అతనిదే.

“పంజరానికి రంగు ఎవరు వేయించారు?”

“నేనేనండి. మావూరు తీసుకెళ్ళేను. అంతర్వేది దారిలో, సముద్రం పక్కనే. మనవాడొకడున్నాడు, బాగా వేస్తాడు.”

“ఎన్నాళ్ళుంది బండి అక్కడ?”

“వారం, ఆయ్.”

“రంగుకి వారమా?”

“వాన పట్టిందండి.”

“ఆదివారం బావగారి పక్కన మీరు లేరేం?”

“జొరమండి.”

తలుపు చాటునుంచి కామేశ్వరి అంది: “రంగేసుకొచ్చిన కాణ్ణించీ వీడు జీపెక్కనే లేదండి. అంతకుముందు ఆయన్ని వదిలేవాడు కాదు.”

“జొరమన్నాను కదక్కా!”

“ఆదివారమే కదరా జొరం,” అందావిడ మామూలుగా. “బుధవారం వాయిదాకి ఆయన సాక్ష్యం చెప్పాల్సింది. చొక్కా కూడా ఇస్త్రీ చేయించి ఉంచేను.”

“ఏ కేసులోనమ్మా?”

“ఆ డ్రైవరు చిన్నబ్బాయి కేసండి.”

బస్సులో వీర్రాజు ఆగలేకపోయాడు. “ఏలీయాయే మోసం చేసి ఉంటేనో అండీ?”

“అయితే అదే చెబుతాం,” అన్నాడు సాలమోను. వీర్రాజుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆదివారం స్టేషను దొడ్లో, విరిగిన జీపు చుట్టూ అందర్నీ నిలబెట్టాడు సాలమోను. ఎస్సై విసుగ్గా వాచీ చూసుకుంటున్నాడు. సంకెళ్ళతో ఏలీయా, పక్కన సువార్తమ్మ, కుర్చీలో కామేశ్వరి, ఆవిడ వెనక బుల్లిరాజు. గేటు బయట దొరబాబు మనుషులు కర్రలతో మూగారు.

“ఏలీయాని ఇంకా ఏం మేపుతారండీ!” అని అరిచాడొకడు. సువార్తమ్మ భర్తకు అడ్డంగా జరిగింది.

“ఎస్సై గారూ, ఎడం పక్క ముందు వంపు తడమండి,” అన్నాడు సాలమోను.

“నున్నగా ఉంది. అయితే ఏంటి?”

“అక్కడ కోడిగుడ్డంత సొట్టుండాలి. అమ్మా, మీరు చూశారా?”

“చూసేనండి,” అంది కామేశ్వరి. “దిష్టిచుక్కని అందరికీ చూపించేవారు.”

“రంగు వేస్తే సొట్ట పోదు. కాబట్టి ఈ గొట్టం ఆ గొట్టం కాదు. కాళ్ళు, ఊతాలు ఏలీయావే, అవి వంగలేదు చూడండి. పైనున్న విల్లులు కోసి, పల్చటి గొట్టాలు వంచి అతికారు. అతుకులు కనపడకుండా రంగు కొట్టారు. ఇక ఇసక.” రుమాలు విప్పాడు. “జీపు పడింది గోదావరి లంకలో. ఏలీయా వాడేది గోదావరి ఇసక. దీంట్లో సముద్రపు పెంకులున్నాయి, ఉప్పుంది. ఈ గొట్టం సముద్రం ఒడ్డున వంచింది. బండి వారం రోజులు ఎక్కడుందో బుల్లిరాజు గారే చెప్పారు.”

గేటు దగ్గర గోల ఆగిపోయింది.

బుల్లిరాజు నోరు మాత్రం తగ్గలేదు. “మావూరి వాడెవడో దొంగపని చేస్తే నాదా తప్పు? బావ నాకు దేవుడండి. ఆయన్ని చంపుకుని నేనేం బావుకుంటాను?”

“పంజరం ఉందన్న ధీమాతో బావగారు ఏ గట్టు మీంచైనా దూకిస్తుండేవారు. ఏదో ఒకరోజు పడతారని మీకు తెలుసు. ఆ రోజు పక్కన ఉండకూడదని మీరు బండెక్కడం మానేశారు. ఎందుకన్నది మాత్రం, బుధవారం వాయిదాని బట్టి, నేను ఊహించగలను గాని రుజువు చెయ్యలేను.” సాలమోను కామేశ్వరి వైపు తిరిగాడు. “దానం చచ్చిపోయిన రోజు జీపు తోలింది ఎవరమ్మా?”

ఆవిడ ఒక్క మాట మీద ఏలీయా బతుకు వేలాడుతోందని వీర్రాజుకు తెలుసు. ఇలాంటి ఇళ్ళలో ఇలాంటి మాట బయటికి రాగా అతను ఎన్నడూ వినలేదు.

“అక్కా, ఇంటికి పోదాం పద,” అన్నాడు బుల్లిరాజు.

“ఏం పోదాంరా?” ఆవిడ లేచి నిలబడింది. “నువ్వు బండి రంగుకి తీసుకెళ్ళే ముందు, అన్నం వడ్డిస్తా విన్నాను. ‘పాపం చిన్నబ్బాయి జైలుకి పోతాడు, బండి నువ్వే తోలేవని కోర్టులో చెప్పేస్తాను’ అన్నారు. నువ్వు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయేవు. అలిగేవనుకున్నాను. బతిమాలి మళ్ళీ పెట్టేను కదరా నీకు అన్నం!”

బుల్లిరాజు గేటు వైపు చూశాడు. కర్రలు పట్టుకున్నవాళ్ళు దారి ఇవ్వలేదు.

“పేడ దిబ్బలో పాతిపెట్టేను,” అన్నాడు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా. “పాత గొట్టాలు.”

ఎస్సై స్వయంగా ఏలీయా సంకెళ్ళు తీశాడు. క్షమించమని అనలేదు. చిన్నబ్బాయి కేసు సంగతి పైవాళ్ళకి రాస్తానని మాత్రం సాలమోనుతో గొణిగాడు. సువార్తమ్మ భర్త చెయ్యి పట్టుకుని, “పదండి, పదండి,” అని లాగుతోంది.

ఏలీయా కదల్లేదు. కామేశ్వరి ముందుకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మగారూ, నా గొట్టాలే ఉంటే బాబుగారు బట్టలు దులుపుకుని లేచొచ్చేవోరండి,” అన్నాడు. అప్పటిదాకా దెబ్బలకు కూడా ఏడవని మనిషి భోరుమన్నాడు.