ఆక్‌తోష్ తిరిగొచ్చిన సాయంత్రం

పూటకో గిన్నె శోర్పో తాగిస్తున్నాను మా ఆయనకి, గుర్రం మాంసం ఉడికించి. అయినా మనిషి కరిగిపోతున్నాడు. ఒకప్పుడు పొట్టేలుని చంకన పెట్టుకుని నరీన్ నది దాటినవాడు. పొట్టలో గడ్డ, బాగా ముదిరింది. సోమవారం పట్నంలో కొత్త మందు ఎక్కిస్తారట, ఒంట్లో కాస్త కండ మిగిలి ఉంటేనే. లేకపోతే తీసుకుపొమ్మంటారు.

ఆయన మేనకోడలు నురిజా ఊళ్లో నర్సు. ఆ మధ్యాహ్నం వచ్చి తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచింది.

"తిండి లోటు కాదత్తా. ఒంట్లో కాపలా కణాలుంటాయి. గడ్డని చూసి రెచ్చిపోతాయి. దాన్ని చంపలేవు, ఊరుకోనూ లేవు. అవి వదిలే రసాలకి సొంత కండే కరిగిపోతుంది."

మా ఆయన నవ్వాడు. "అంటే మన ఆక్‌తోష్ లాగన్నమాట."

ఆక్‌తోష్ మా మందకుక్క. ఓ చలికాలం తోడేలు దొరక్క పిచ్చెత్తి, దొడ్లోకి దూరి మా గొర్రెల్నే పీకింది. ఆయనే కాల్చి దొడ్డి వెనక పూడ్చాడు. ఆ పూట రొట్టె ముట్టలేదు.

నురిజా వెళ్లాక చీకటి పడింది. కరెంటు పోయింది. పొయ్యిలో పిడకలు ఎర్రగా కాలుతున్నాయి. ఉన్నట్టుండి తడిసిన కుక్క వాసన వేసింది. ఆక్‌తోష్ పోయాక మేం ఇంకో కుక్కని పెంచలేదు.

తర్వాత చప్పుడు... ఏదో నాకుతున్న చప్పుడు... ఆయన దుప్పటి కింద నుంచి.

దుప్పటి ఎత్తాను. ఏమీ లేదు. తొడ మాత్రం తడిగా ఉంది.

"ఏమే," అన్నాడు గుసగుసగా. "దాన్ని తిట్టకు. తోడేలు కోసమే వచ్చింది, పాపం."

"ఏది?"

"తెలిసే అడుగుతావు."

భయం వెయ్యాలి. వెయ్యలేదు. చాలా రోజులుగా నాలో ఏదీ కదలడం లేదు. మంచి ముక్కలన్నీ ఓ గిన్నెలో వేసి గుమ్మం బయట మంచులో పెట్టాను.

"ఆయన్ని వదిలెయ్," అన్నాను చీకట్లోకి. "ఇది తిను. చాలకపోతే నన్ను తిను."

లోపల చప్పుడు ఆగింది.

తెల్లారి చూస్తే మాంసం అలాగే గడ్డకట్టి ఉంది. మంచు మీద ఒక్క అడుగు జాడ లేదు. లోపల మా ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. శోర్పో అడిగి మరీ తాగాడు.

"ఇంకాస్త పొయ్యవే. ఏం, గుర్రాలన్నీ అయిపోయాయా?"

నాకు ఏడుపొచ్చింది. సోమవారం మందు ఎక్కిస్తారు, ఆ నమ్మకం వచ్చింది.

గిన్నె కడుగుతుంటే నీళ్లలో ఏదో టంగుమని పడింది. నా వెండి కడియం. పెళ్లినాడు అత్తగారు తొడిగింది. నిన్నటిదాకా సబ్బు రాసినా వచ్చేది కాదు.

తీసి మళ్లీ తొడుక్కున్నాను. మోచేతి దాకా జారిపోయింది.