ఆగి మార్చే గేరు

ఉదయపు టీ గ్లాసులోంచి ఆవిరి ఇంకా లేస్తుండగానే పెరటి షెడ్డులో ఆ శబ్దం మళ్లీ పుట్టింది. పళ్లు కొరికినట్టు గరగర. వెంటనే టక్కుమని ఒక దెబ్బ. ఆపైన కదలని బండి మీద ఇంజను ఒంటరి రొద. వంటగదిలో ఇల్లాలి చేతిలోని గరిటె ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది. షెడ్డులో గడ్డికోత బండి మీద కూర్చున్న డ్రైవరుగారు, ఎదురు తిరిగి మాట్లాడిన పసివాణ్ణి చూసినట్టు, గేరు కడ్డీని నమ్మలేక చూశారు.

"మళ్లీనా?" అంది కిటికీలోంచి భార్య.

"నాది కాదు, బండిది," అన్నారాయన.

"ఎవరిదని నేనడగలేదుగా."

బస్సు ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో ఉంటున్నా ఆ వీధికి ఆయన ఇంకా డ్రైవరుగారే. డిపోలో మాత్రం ఆయనను వెన్నచెయ్యి అనేవారు. వెనక సీట్లో నిద్రపోతున్న మనిషికి గేరు మారిన సంగతి తెలియకూడదన్నది ఆయన నియమం. ఎత్తు ఎక్కుతున్నా, మలుపు తిరుగుతున్నా, నిండు బస్సుతో బురదలో కూరుకున్నా, ఆ చేతి కింద గేరు ఏనాడూ అరవలేదు. ఉద్యోగకాలంలో ఆయన కూడబెట్టిన ఆస్తి అదే. తాళం వేసి దాచుకునే ఆస్తి కాదది. తల ఎత్తుకొని నడవడానికి పనికివచ్చే ఆస్తి.

ఒక్కగానొక్క కూతురు ఆఫీసు కుర్చీ వదిలేసి, ఆటమైదానాల పచ్చిక చూసుకొనే పని పెట్టుకుంటానన్నప్పుడు చుట్టాలంతా నోరు నొక్కుకున్నారు. చదువుకున్న పిల్ల గడ్డి కోస్తుందా అని పెదనాన్న నేరుగానే అడిగాడు. అప్పుడు ఆమె పక్కన నిలబడింది తండ్రి ఒక్కడే. స్టీరింగు ఉన్నది ఏదైనా మన ఇంటి విద్యే అని ఆయన తేల్చి చెప్పాక మరెవరూ మాట్లాడలేదు. వెనక వీధిలోని ముసలి తోటమాలి దగ్గర ఆమె ఈ పాత బండిని కొన్నది. కూర్చోవడానికి సీటు, చేతికి స్టీరింగు, కాలికి పెడలు, పొట్ట కింద కోత బ్లేడు ఉన్న చిన్న ట్రాక్టరు వంటిది. పొద్దున పూట ఆయన, మధ్యాహ్నం ఆమె, వంతులవారీగా నడిపేవారు. మైదానానికి వెళ్లేటప్పుడు డ్రైవరుగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవారు. గడ్డి కోయడానికి ఇస్త్రీ ఎందుకని భార్య వేళాకోళం చేస్తే, డ్యూటీ డ్యూటీయే అనేవారు.

మొదటి రోజున కూతురు ఒక్క మాట చెప్పింది. ఈ బండికి గేరు మార్చాలంటే పూర్తిగా ఆపాలట, తోటమాలి మరీ మరీ చెప్పాడట. డ్రైవరుగారు మీసం చాటున నవ్వి, గేరు గురించి నాకా చెబుతున్నావు అన్నారు. తండ్రికి రెండోసారి చెప్పడం మర్యాద కాదనుకొని ఆమె మరి ఎత్తలేదు.

నెల తిరిగేసరికి గరగర మొదలైంది. ఆ తరువాత మైదానం గట్టు ఎక్కుతుండగా రెండో గేరు దానంతట అదే జారి, బండి వెనక్కు దొర్లింది. వారాంతంలో పోటీలు ప్రారంభం. మొదటి ఆటకు పచ్చిక సమంగా లేకపోతే పని వేరొకరికి అప్పగించక తప్పదని మైదానం పర్యవేక్షకుడు సౌమ్యంగానే, కానీ స్పష్టంగానే చెప్పాడు. చుట్టాల నోళ్లు మూయించిన ఆ తొలి పని కాస్తా చేయి జారిపోయేలా ఉంది.

తండ్రీకూతుళ్లు షెడ్డులో కూర్చున్నారు. ఇంజను ఆపి కడ్డీ కదిపితే అన్ని గేర్లలోకీ సాఫీగా వెళ్లింది. కనుక కడ్డీలో, దాని కీళ్లలో లోపం లేదని ఆమె తేల్చింది. పెడలు తొక్కినా ఇంజను బెల్టు వదులవకుండా చక్రాన్ని ఇంకా లాగుతోందేమోనని ఆయన అనుమానం. వేసిన బెల్టు కురచదైతే అలాగే చేస్తుంది. ఆమె పెడలు తొక్కిపెట్టి ఆయనను చూడమంది. బెల్టు చక్కగా వదులై నిలిచిపోయింది. బ్రేకు కడ్డీ మర కాస్త బిగించి చూశారు, గరగర తగ్గలేదు. చివరికి ఆమె ఒక వెనక చక్రాన్ని చెక్కదిమ్మ మీదికి ఎత్తి, రెండో గేరు వేసి, చక్రాన్ని చేత్తో తిప్పింది. బిగుసుకుపోవలసిన చక్రం టిక్కుటిక్కుమంటూ తిరిగింది.

"లోపలే నాన్నా," అంది ఆమె. "గేరుబాక్సు విప్పాలి."

ఆ సాయంత్రమంతా ఒంటరిగా విప్పింది. అన్నానికి పిలిచినా ఆలస్యంగా వచ్చింది. ఏమైందని అడిగితే, కంచంలోంచి తల ఎత్తకుండా, పాత బండి కదా, లోపల అరిగింది, విడిభాగం తెప్పిస్తున్నాను అంది. డ్రైవరుగారికి ఒళ్లు మండిపోయింది. అరిగిన గేరుబాక్సును రంగు వేసి తన బిడ్డకు అంటగట్టాడన్నమాట ఆ తోటమాలి. అప్పటికప్పుడే వీధి చివర టీకొట్టు దగ్గరికి వెళ్లి, పెద్దమనిషి వేషంలో ఎంత మోసం దాగి ఉంటుందో నలుగురికీ వినిపించి వచ్చారు.

మరునాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కొని చెప్పుల్లో కాళ్లు పెట్టారు. ఎక్కడికని భార్య అడిగింది. తోటమాలి ఇంటికన్నారు, బండి వెనక్కు తీసుకుంటాడా సరే, లేదా అతని వాకిట్లో నిలబెట్టి అడుగుతానన్నారు. ఆ మాట విని కూతురు షెడ్డులోంచి పరుగున వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేతులకు గ్రీజు ఇంకా అలాగే ఉంది.

"వెళ్లొద్దు నాన్నా. ఆయన మోసం చేయలేదు."

"నీ మనసు మెత్తన. వ్యాపారం చేసేవాళ్లకి అది పనికిరాదు. తప్పుకో."

"తప్పుకోను."

ఆ పిల్ల నోట ఆ మాట ఆయన ఎన్నడూ వినలేదు. భార్య వంక చూశారు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కూతురితో తగ్గిన గొంతుతో అంది:

"చూపించవే. ఎంతసేపని దాస్తావు?"

"మీ ఇద్దరికీ తెలిసి నాకు తెలియనిది ఈ ఇంట్లో ఏముంది?" అన్నారు డ్రైవరుగారు.

కూతురు వెళ్లి ఒక గుడ్డపీలిక తెచ్చి ఆయన అరచేతిలో విప్పింది. అందులో వేలెడేసి ఉక్కు ముక్కలు రెండు. గేరుబాక్సులో పళ్లచక్రాలన్నీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయని, కడ్డీ కదిపినప్పుడు ఈ ముక్కలు జరిగి వాటిలో ఒక్కదాన్ని పట్టుకుంటాయని, ఆ పట్టుకొనే కొస పదునుగా ఉండాలని ఆమె వివరించింది. ఆ కొసలు రెండూ గుండ్రంగా మొద్దుబారి ఉన్నాయి.

ఆయన వాటిని వాకిట్లో వెలుతురులోకి తీసుకువెళ్లారు. డిపోలో మెకానిక్కుల పక్కన ఎన్నో పూటలు కూర్చున్న కళ్లవి. పాత అరుగుదల నూనె తాగి నల్లబడి, నున్నగా ఉంటుంది. ఇవి వెండిలా మెరుస్తున్నాయి. అంచున సన్నని పొలుసులు వేలికి గుచ్చుకున్నాయి. గోటితో గీరారు. మళ్లీ గీరారు.

"ఇది పాతది కాదు," అన్నారు నెమ్మదిగా. ఆ మాట తానే అన్నానని ఒక క్షణం తరువాత ఆయనకే తెలిసింది. "ఈ నెలలో అరిగింది."

ఆయన కూతురి వైపు తిరిగారు.

"నువ్వు నడుస్తుండగా గేరు మారుస్తావా అమ్మా?"

"లేదు నాన్నా."

మైదానం కొసన మలుపు తిరిగే ప్రతిసారీ తాను చేసే పని ఆయన కళ్లముందు కదిలింది. ఇంజను శబ్దం వింటూ, బండి దొర్లుతుండగానే, రెండు వేళ్లతో మెత్తగా మూడులోంచి రెండుకు. అదెంత సొగసుగా ఉండేదని. ఆ సొగసే లోపల ఉక్కును కొంచెం కొంచెంగా కొరికి తిన్నది.

"అయితే నేనే," అన్నారు. వీధి అరుగు మీద కూలబడ్డారు. "నిన్న సాయంత్రమే ఎందుకు చెప్పలేదు?"

కూతురు ఆయన కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుంది.

"చెబితే నువ్వు మళ్లీ ఆ సీటు ఎక్కవని భయం వేసింది. బస్సు దిగిన రోజు నుంచి నీ మొహం చూస్తూనే ఉన్నాను. ఈ బండి ఎక్కాకే మళ్లీ మా నాన్న కనిపించాడు. గేరుబాక్సుదేముంది, ఇంకొకటి వేసుకుంటాం."

"నా పరువు కోసం ఆ పెద్దాయన పరువు తీయనిచ్చేదానివా?"

"తీయనివ్వలేకే కదా అడ్డం నిలబడ్డాను."

డ్రైవరుగారు తల తిప్పుకున్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగినా మనసు కుంగలేదు. అభిమానం దెబ్బతిన్న చోటనే మరొక అభిమానం మొలకెత్తుతూ ఉండటం ఆయనకే ఆశ్చర్యమైంది. తండ్రికి ఎదురు నిలిచి పరాయివాని పక్షాన న్యాయం చెప్పగల బిడ్డను కన్నవాడు చిన్నబోవలసిన పనేముంది?

భార్య గుమ్మానికి ఆనుకొని అంది: "మీ బస్సులో ముందు సీట్లో కూర్చొని నేనెన్ని ఊళ్లు తిరిగానో. గేరు మారిందని ఏనాడూ తెలిసేది కాదు. ఇక్కడ గరగర వినపడ్డ రోజే అనుకున్నాను, చెయ్యి మారలేదు, బండి మారిందని."

"అనుకున్నదానివి నాతో అనొచ్చుగా."

"అంటే వింటారా? కూతురు చెబితే మీసం కింద నవ్వారు, నేను చెబితే పైకే నవ్వేవారు."

చాలాకాలానికి ఆ వాకిట్లో ముగ్గురూ కలిసి నవ్వారు. ఆయన చొక్కా సర్దుకొని లేచారు. ఎక్కడికని ఇద్దరూ ఒక్కసారే అడిగారు. ఇందాక వెళ్లబోయిన చోటికేనన్నారు, మాట మాత్రం మారిందన్నారు. ముందు టీకొట్టు దగ్గర ఆగి, నిన్న విన్నవాళ్లందరికీ వినపడేలా, తోటమాలి నిజాయితీపరుడని, తప్పు తన చేతిదని చెప్పారు. ఆ తరువాత తోటమాలి ఇంటికి వెళ్లి ఆ మాటే ఆయన ఎదుట మళ్లీ చెప్పి చేతులు జోడించారు. ముసలాయన ఆ చేతులు పట్టుకొని కిందికి దించాడు. కొత్తలో తానూ ఆ ముక్కలు పాడుచేశానని, అది కూడా డ్రైవరుగారిలా మెత్తగా కాదు, మొరటుగా విరగ్గొట్టానని ఒప్పుకొని బోసినోటితో నవ్వాడు.

విడిభాగం వచ్చింది. కూతురు గేరుబాక్సు బిగిస్తుంటే డ్రైవరుగారు పక్కన కూర్చొని మరలు అందించారు. బిగింపు పూర్తయ్యాక ఆయన సీటు ఎక్కి, నేర్పమన్నారు. ఆమె నమ్మలేనట్టు చూసింది. తెలియని విద్య నేర్చుకోవడానికి సిగ్గెందుకని అడిగారాయన. పెడలు చివరిదాకా తొక్కాలి, చక్రం పూర్తిగా నిలవాలి, అప్పుడే చెయ్యి కదలాలి. కాలు నేర్చుకున్నంత త్వరగా చెయ్యి నేర్చుకోలేదు. అలవాటు చొప్పున అది ముందే కడ్డీ మీదికి పోయేది. ఆమె ఆ చేతి మీద తన చెయ్యి వేసి, "ఇంకా ఆగలేదు నాన్నా," అనేది. ఆయన చెయ్యి తీసేవారు.

పోటీలకు ముందురోజు మైదానంలో సున్నం గీతలు గీస్తున్నారు. డ్రైవరుగారు వరుస వెంట వరుస కోసుకుంటూ వస్తున్నారు. ప్రతి మలుపు దగ్గర బండి నిలువునా ఆగుతోంది, గేరు మారుతోంది, మళ్లీ కదులుతోంది. చప్పుడు లేదు. పర్యవేక్షకుడు కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు. అంత పెద్ద బస్సు నడిపిన మనిషికి ఈ బొమ్మబండి ఒక లెక్కా, కొసకొసకీ ఇలా ఆపుతున్నారేమని అడిగాడు.

డ్రైవరుగారు ఇంజను ఆపారు. గీతలు గీసేవాళ్లు కూడా తల తిప్పి చూశారు. మైదానం అవతలి అంచున కూతురు వంగి ఏదో కొలుచుకుంటోంది. ఆమెకు కూడా చేరేలా ఆయన గొంతు పెంచారు.

"ఇది ఆగి మార్చే గేరండీ. మా అమ్మాయి నేర్పింది."