పాట అయ్యాక పియానో

"మీ తమ్ముణ్ణి పట్టిచ్చింది ఆవిడే" అన్నాడు కల్నల్ ట్రాట్నర్, కాఫీలో మీగడ కలుపుతూ. "గాయని ఓటిలీ బ్రాండైస్. జీతం మన వియన్నాలో, కొలువు బెర్లిన్‌కి."

ఏజెంట్ ఆగస్టిన్ కుర్చీలోంచి లేచాడు. తమ్ముడు ఫెర్డినాండ్‌ను సరిహద్దులో కాల్చేసి నెల కూడా కాలేదు. "ఇప్పుడే వెళ్లి చంపేస్తా."

"చంపితే కాగితం పోతుంది. మన సైన్యం ఏ రోజు ఏ రైలెక్కుతుందో ఆ పట్టికంతా ఆవిడ పాట కాగితం వెనక నిమ్మరసంతో, కంటికి కనపడకుండా రాసుంది. సాయంత్రం బారనెస్ ఇంట్లో కచేరీ. చివరి పాట అవగానే ఆ కాగితాన్ని ఒక అభిమానికి బహుమతిగా ఇస్తుంది. వాడు బెర్లిన్ మనిషి. గుమ్మంలో గుర్రబ్బండి సిద్ధం."

"ముందే పట్టుకోవచ్చుగా?"

"బారనెస్ లాంటి గొప్పింటావిడ గడప తొక్కాలంటే మంత్రిగారి సంతకం కావాలయ్యా! అది తీసుకుని సరిగ్గా ఆరింటికి వస్తాం. ఆవిడ పియానో వాద్యగాడికి పొద్దున్నుంచీ జ్వరం. మేం తెప్పించిందేలే. వాడి బదులు నువ్వు కూర్చో, పియానో మీద చెయ్యి తిరిగినవాడివేగా."

పెట్టుడు మీసంతో పియానో ముందు కూర్చున్నాడు ఆగస్టిన్. ఆకుపచ్చ పట్టు గౌనులో ఓటిలీ వెలిగిపోతోంది.

"కొత్తాయనా, నా ఊపిరి చూసుకుని వాయించండి. పరుగులు పెట్టకండి."

"మీరెలా అంటే అలా, మేడమ్."

చివరి పాట, యుద్ధం నుంచి తిరిగిరాని సైనికుడి కోసం ఒక పిల్ల ఏడుపు. ఓటిలీ గొంతులో ఎంత దుఃఖం పలికిందంటే ముందు వరుసలో రుమాళ్లు బయటికొచ్చాయి. చంపించిన మనిషే అంత బాగా ఏడవడం చూసి ఆగస్టిన్‌కు ఒళ్లు మండిపోయింది.

ఆరుకు ఐదు నిమిషాలుండగా ఆమె గొంతు ఆగింది. ఇక మిగిలింది పియానో ఒక్కటే వాయించే ముగింపు. వాద్యగాడు పియానో మెట్ల మీంచి చేతులు తీసేదాకా వియన్నాలో ఎవరూ చప్పట్లు కొట్టరు, కుర్చీలోంచి కదలరు. గాయని కూడా చూపు దూరంగా నిలిపి అలాగే నిలబడాలి.

ముగింపు అయిపోయింది. ఆగస్టిన్ చేతులు తీయలేదు. సొంతంగా అల్లుకుంటూ పోయాడు. ముందు వరుసలో బెర్లిన్ మనిషి లేవబోయాడు. బారనెస్ విసనకర్రతో అతని మోకాలి మీద ఒక్కటిచ్చింది.

"కూర్చోండి! పాట అవలేదు!"

"ముగించు, వెధవా" అంది ఓటిలీ, పెదవి కదలకుండా.

"ఫెర్డినాండ్ మా తమ్ముడు, మేడమ్."

ఆమె చేతిలోని పాట కాగితాన్ని గట్టిగా పట్టుకుంది. పాట మధ్యలో కదిలితే సభంతా అనుమానిస్తుంది. కదలకపోతే ప్రాణమే పోతుంది. ఆమె నుదుటి మీంచి చెమట కారుతుంటే ఆగస్టిన్ కళ్లారా చూశాడు. కడుపు చల్లబడింది. ఇంకాస్త నెమ్మదిగా వాయించాడు.

చివరికి ఆమె తెగించి కాగితమున్న చెయ్యి చాచింది. బెర్లిన్ మనిషి వేళ్లు దాన్ని అందుకోబోతుండగా తలుపులు భళ్లున తెరుచుకున్నాయి. ట్రాట్నర్ ఆ కాగితాన్ని లాక్కున్నాడు.

ఆగస్టిన్ అప్పుడు చేతులెత్తాడు. సభ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్యే ఓటిలీకి బేడీలు పడ్డాయి.

బారనెస్ కళ్లు తుడుచుకుని పక్కావిడ వైపు వంగింది.

"పాట దివ్యంగా ఉంది. పియానో అతనే చివర్లో కాస్త సాగదీశాడు."