మొండివేలి ముద్ర

కాశీబుగ్గ బస్టాండు నుంచి రెండు సందులు లోపలికి వెళ్తే హరికృష్ణ వాద్యాల దుకాణం ఉంది. ముందు వరసలో హార్మోనియాలు, తబలాలు, పిల్లల కీబోర్డులు. వెనక గోడకి ఎలక్ట్రిక్ గిటార్లు. ఆ గిటార్ల పైన, దండ వేసిన ఫోటోలో నీలకంఠం మాస్టారు.

ఆ రోజు తుఫాను హెచ్చరిక ఉంది. మూడు గంటలకే ఆకాశం మాడిన మూకుడులా నల్లబడింది. జీడి ఫ్యాక్టరీల వాళ్లు బాయిలర్లు ఆర్పేసి పనివాళ్లని ఇళ్లకి పంపేశారు. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లలో ఏ వేళనైనా గాలిలో తేలే జీడిపిక్కల కమురు వాసన ఆ పూట లేదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

షట్టరు దించేద్దామని హరికృష్ణ లేచేసరికి ఫోను మోగింది. నిమ్మాడ నుంచి పోలారావు. ఊళ్లలో పండగలకి ఆర్కెస్ట్రా కడుతుంటాడు. మనిషి సన్నం, గొంతు పెద్దది.

"మావా, నీ దగ్గర కొన్న మాస్టారి సంతకం గిటారు బెమ్మాండం! మొన్న అమ్మోరి పండగలో జనం లేసి గెంతేసినారు. మాస్టారే దిగొచ్చి వాయిత్తన్నట్టుందని ఒకటే గోల."

"మరింకేటి? సంతోషమే కదా."

"సంతోషమే గానీ, ఎడం సేతి ఉంగరపు ఏలు మొద్దుబారిపోతంది మావా. నిన్న పెనం అంటుకుంటే నాకు తెలీనేదు. కమురు వాసనొత్తే అప్పుడు సూసుకున్నాను." పోలారావు పకపకా నవ్వాడు. "మా ఆడదైతే, ఏలు ఏయించుకుని తినీసేలా ఉన్నావంది."

"కొత్తలో అలగే ఉంటాది. సన్న తీగలు ఏసుకో" అని హరికృష్ణ ఫోను పెట్టేశాడు.

పెట్టేశాడు గానీ షట్టరు దించలేదు. ఆ మాట చెప్పినవాళ్లలో ఈ నెలలో పోలారావు మూడోవాడు. ముగ్గురిదీ అదే చెయ్యి. అదే వేలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. సిగ్నేచర్ గిటారంటే పేరున్న కళాకారుడి సంతకం ఉన్న గిటారు అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఆ కళాకారుడి చేతికి సరిపడేట్టు మెడ ఎంత లావుండాలి, దాని మీది మెట్లు ఎంత ఎత్తుండాలి, తీగలు ఎంత ఎడంగా ఉండాలి అన్నీ కొలిచి చేస్తారు. చొక్కా కుట్టించుకున్నట్టే. అందుకే మరొకరి కొలతకి కుట్టిన చొక్కా మనకి పట్టొచ్చు, పట్టకపోవచ్చు. "కొనొచ్చా?" అని ఎవరడిగినా హరికృష్ణ ఒకటే చెప్పేవాడు. "పేరు కోసం కొనకండి. ఆయన చెయ్యి మీకు కావాలనుకుంటే కొనండి."

నీలకంఠం మాస్టారి చెయ్యి ఈ ఉద్దానం ఊళ్లన్నీ ఎరిగిన చెయ్యి. కుర్రతనంలో జీడిపిక్కలు కోసే మిషను దగ్గర పనిచేస్తూ ఎడం చేతి ఉంగరపు వేలు మొదటి కణుపు దాకా పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే గిటారు పట్టారు. మొండివేలు అందని చోటికి నడిమి వేలిని జార్చి పలికించేవారు. ఆ జారుడులో ఒక చిన్న మూలుగు వినిపించేది. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఎంతమంది గిటారు వాయించినా, ఆ మూలుగు ఆయన ఒక్కరిదే.

ఏ గిటారునైనా ఆయన తొమ్మిది రోజులు వాయించేవారు. గాజుపెంకుతో మెడ గీకి, ఆకురాయితో మెట్లు అరగదీసి, తన చేతికి లొంగిందనుకున్నాకే సంతకం పెట్టేవారు. ఇంకుతో కాదు. చీపురుపుల్ల జీడిసొనలో ముంచి చెక్క మీద రాసేవారు. జీడిసొన చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చెక్కకి పట్టిందంటే ఇక పోదు. చివర, ఆ తడి సొనలోనే మొండివేలు అద్ది పేరు కింద గుండ్రటి ముద్ర వేసేవారు. ఆ వేలికి మంట తెలియదు. అలా ఆయన సంతకం చేసి హరికృష్ణ దుకాణంలో అమ్మకానికి పెట్టినవి మొత్తం ఏడు.

ఎనిమిదోది హరికృష్ణ చేశాడు.

మాస్టారికి కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తిరుగుతున్న రోజులవి. చేతులు వణికేవి. గిరాకీలు వచ్చి అడుగుతుంటే, ఆయన పేరు నిలబెడుతున్నానని తనకి తాను సర్ది చెప్పుకుని హరికృష్ణ మామూలు గిటారు మీద జీడిసొనతో సంతకం గీశాడు. మొండివేలి ముద్ర కోసం పెన్సిలు రబ్బరు ముక్కని గుండ్రంగా కోశాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రి నుంచి వస్తూ మాస్టారు దుకాణంలోకి అడుగు పెట్టారు. గోడకున్న గిటారు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ముద్ర మీద తన మొండివేలు ఆనించి చూసుకున్నారు. సరిగ్గా సరిపోయింది.

"నాకంటే బాగా ఎట్టినావురా" అన్నారు.

అంతే. తిట్టలేదు. మూడో రోజున పోయారు.

ఆ తర్వాత హరికృష్ణ ఇంకో పది చేశాడు. ఒకసారి చేసిన తప్పు రెండోసారికి అలవాటవుతుంది. పదోసారికి పనైపోతుంది. ఆ మాట మాత్రం రోజూ తెల్లారి షట్టరు ఎత్తుతుంటే వినపడేది. నాకంటే బాగా ఎట్టినావురా...

"బాబాయ్! మూసేత్తన్నావా?"

ఉలిక్కిపడి చూశాడు. గుమ్మంలో గొడుగు దులుపుతూ సుస్మిత. మాస్టారి కూతురు. టెక్కలిలో డిగ్రీ చదువుతోంది.

"ఇంత వానలో ఏటమ్మా?"

"రేపట్నుంచి బస్సులుండవంట. అందుకే వచ్చీసినాను. నాన్న గిటారు ఒకటి కావాలి బాబాయ్. ఆయనది ఆ పెద్ద తుఫానుకి గోడ కూలినప్పుడే నానిపోయి ముక్కలైపోయింది కదా. ఇంట్లో ఆయన ముట్టుకున్న తీగ ఒక్కటీ లేదు." ఆమె గోడకేసి చూసింది. సంతకం ఉన్నది ఒక్కటే మిగిలింది. "కొనొచ్చా? నిజం సెప్పు. ఇంకెవలికో సెప్పినట్టు సెప్పీకు."

హరికృష్ణ గిటారుని గోడ మీంచి దింపాడు.

"ఆయన సెయ్యి నీకు కావాలనుకుంటే..."

"నాకు కావల్సింది అదే కదా! ఇది నాన్న ముట్టుకున్నదేనా?"

ఒక్క మాట. కాదు అంటే చాలు. పైన ఫోటో. ఎదురుగా ఆ పిల్ల కళ్లు, అచ్చం మాస్టారి కళ్లే.

"అవునమ్మా" అన్నాడు హరికృష్ణ.

సుస్మిత గిటారుని ఒళ్లోకి తీసుకుంది. చంటిపిల్ల బుగ్గ తాకినట్టు ముద్రని తాకింది. హరికృష్ణ ఆంప్లిఫయరుకి వైరు తగిలించాడు. ఎర్ర లైటు వెలిగింది. ఆమె ఒక తీగ మీటింది.

అప్పుడే కరెంటు పోయింది.

సందు మొత్తం చీకటైపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. రేకుల మీద, కాలవలో, షట్టరు మీద... ఎక్కడో కొబ్బరిచెట్టు విరిగిన చప్పుడు. టార్చి కోసం ఫోను తడుముకుంటూ హరికృష్ణ ఆగిపోయాడు.

ఆంప్లిఫయరు మీద ఎర్ర లైటు ఇంకా వెలుగుతోంది.

సుస్మిత వాయిస్తూనే ఉంది. మొదట మెల్లగా. తర్వాత కుదురుగా. ఆ పిల్లకి అంత వాయించడం రాదు. వాళ్ల నాన్న నేర్పింది నాలుగు పాఠాలే. అయినా పాట సాగుతోంది. పాట నడుమ... ఆ జారుడు. ఆ మూలుగు.

ఐదు వేళ్లూ ఉన్న చేతికి ఆ జారుడుతో పనేముంది?

వాసన వచ్చింది. తడిమట్టి వాసన కాదు. కమురు. కాల్చిన జీడిపిక్కల కమురు.

"సుస్మితా..."

"బాబాయ్." గుసగుసలాడింది. "నా ఏలు నాకు తెలీడం లేదు."

ఫోను వెలిగించాడు. వెలుగు గోడ మీద, నేల మీద తిరిగి, ఆమె చేతి మీద పడింది. మూడు వేళ్లు తీగల మీద ఉరుకుతున్నాయి. ఉంగరపు వేలు మాత్రం నిటారుగా, తీగలకి దూరంగా నిలబడి ఉంది. మొదటి కణుపు నుంచి పైకి తెల్లగా పాలిపోయింది. సున్నం పూసినట్టు.

"వదిలెయ్ అమ్మా. కింద పెట్టీ!"

"నాను వాయించట్లేదు బాబాయ్... ఆపలేకపోతన్నాను."

గిటారు చెక్కలోంచి ఇంకో చప్పుడు. గీర్... గీర్... చీపురుపుల్ల చెక్క మీద గీసే చప్పుడు. సొన సీసా సొరుగులో ఉంది. సొరుగుకి తాళం ఉంది. తాళంచెవి తన మొలతాడుకి ఉంది.

గీర్... గీర్...

"ఇది నాన్న సెయ్యేనా?" అంది సుస్మిత. ఏడుస్తోంది. "సెప్పు బాబాయ్. నాన్నేనా?"

తెల్లదనం కణుపు దిగి కిందికి పాకుతోంది.

"కాదు!" హరికృష్ణ మోకాళ్ల మీద పడ్డాడు. "మాస్టారు దీన్ని కళ్లతో కూడా సూళ్లేదు. సంతకం నాను గీసినాను. ముద్ర రబ్బరు ముక్కతో ఏసినాను. పదకొండూ నానే సేసినాను. నీకు అబద్ధం సెప్పినాను తల్లీ, నీకు కూడా సెప్పీసినాను!"

తీగ ఆగింది. ఎర్ర లైటు ఆరింది.

చాలాసేపటికి కరెంటు వచ్చింది. సుస్మిత తన వేలిని గుప్పిట్లో పెట్టుకుని పిసుకుతోంది. నెత్తురు మెల్లగా ఎక్కి వేలు ఎర్రబడుతోంది. నేల మీద పడిన గిటారు చెక్క నున్నగా ఉంది. సంతకం లేదు. ముద్ర లేదు. ఎన్నడూ పోని జీడిసొన, తుడిచిపెట్టుకుపోయింది.

"నాన్నకి తెలుసా?" అంది చివరికి.

"తెలుసు."

"ఏటన్నాడు?"

చెప్పాడు.

"మిగతావోళ్లకి సెప్తావా? ఇప్పుడు నాకు సెప్పినట్టు?"

"సెప్తాను."

"ఫోటో మీద సెయ్యెయ్యి."

హరికృష్ణ చెయ్యి ఎత్తి మాస్టారి ఫోటో అద్దం మీద వేశాడు. ఎడం చెయ్యి. ఆ కంగారులో ఏ చెయ్యో చూసుకోలేదు. సుస్మిత గొడుగు తీసుకుని, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయింది.

తుఫాను దాటింది. హరికృష్ణ ఊరూరా తిరిగి పది గిటార్లూ వెనక్కి తెచ్చాడు, వాటికి బదులు కొత్తవి ఇచ్చాడు. అది చేశాడు. కానీ ఎవరికీ నిజం చెప్పలేదు. ప్రతి గుమ్మంలోనూ నోటిదాకా వచ్చింది. ప్రతి గుమ్మంలోనూ మింగేశాడు.

"సెక్కలో పురుగుందంట" అన్నాడు అందరితోనూ.

"పురుగేటి మావా, బంగారంలాగుంటే!" అన్నాడు పోలారావు. అయినా ఇచ్చేశాడు. "మాస్టారి సంతకమున్న సరుక్కి పురుగంటే, ఆయన పేరు సెడిపోదూ?" అని కూడా అన్నాడు. హరికృష్ణ గిటారు సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

ఆదివారం మధ్యాహ్నం. ఫ్యాక్టరీలకి సెలవు. షట్టరు సగం దించి హరికృష్ణ గిటార్లని గోడకి తగిలించాడు. దుకాణానికి చేరగానే అన్నిటి మీదా సంతకాలు మాయమైపోయాయి. ఎవరి వేళ్లూ మొద్దుబారడం లేదని ఫోన్లు కూడా వచ్చాయి. ఇక చాలు, అయిపోయింది అనుకున్నాడు. తెచ్చినవి పది, సుస్మిత వదిలేసింది ఒకటి. పదకొండు.

లెక్క చూసుకున్నాడు. పన్నెండు.

మళ్లీ చూశాడు. చివరి మేకుకి ఉన్నదాన్ని తాను తగిలించలేదు. ఆ చెక్క ఏ చెట్టుదో తెలియలేదు. గోడ మీంచి దింపాడు. మెడ నున్నగా, గాజుపెంకుతో గీకినట్టు ఉంది. చెక్క మీద జీడిసొనతో రాసిన పేరు.

హరికృష్ణ.

తన అక్షరాలే. తన దస్తూరీయే. పేరు కింద గుండ్రటి ముద్ర. ఇంకా తడిగా ఉంది.

సొరుగు తాళం తీసి చూశాడు. రబ్బరు ముక్క ఎక్కడిదక్కడే ఉంది. పొడిగా.

ఎంతోమందికి తానే చెప్పిన పాఠం. ఎవరి సంతకం ఉంటే, గిటారు వాళ్ల చేతి కొలతకే ఉంటుంది. ఒళ్లో పెట్టుకుని, ఎడం చెయ్యి మెడ మీద వేశాడు. చూపుడు వేలు కుదిరింది. నడిమి వేలు కుదిరింది. చిటికెన వేలు కూడా, ఇన్నేళ్లూ అక్కడే ఉన్నట్టు, కుదిరింది.

ఉంగరపు వేలిని ఒక మెట్టు మీద పెట్టాడు. తీశాడు. ఇంకో మెట్టు మీద పెట్టాడు. ఎక్కడ పెట్టినా అడ్డంగానే ఉంది.

దానికి ఆ మెడ మీద చోటు లేదు.

దుకాణంలోకి మెల్లగా కమురు వాసన వస్తోంది.