ఎనిమిదో మనిషికి ముందు

ఈ వృత్తాంతం నాకు ఎలా తెలిసిందో ముందుగా చెప్పడం ధర్మం. ఇది నేను కళ్ళారా చూసినది కాదు. నా భార్య చెల్లెలు, అంటే మా మరదలు, తన పని బల్ల దగ్గర కూర్చుని మైనపు చిగుళ్ళలో ఒక్కొక్క పన్నూ అమరుస్తూ నాకు చెప్పినది. కట్టుడుపళ్ళు తయారు చేయడం ఆమె వృత్తి. నేను ముప్పై నాలుగేళ్ళు న్యాయస్థానంలో సాక్షుల మాటలు రాసుకున్నవాణ్ణి. విన్నది విన్నట్టు రాయడానికి మించి నాకు మరో విద్య రాదు. అందుచేత ఏళ్ళ ఎడంతో మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాను. అబద్ధమాడే సాక్షి చేతిలో కథ రెండోసారికి మెరుగవుతుంది. ఆమె కథ మెరుగవలేదు. మూడుసార్లూ ఒకేచోట ఆగింది, ఒకేచోట మంచినీళ్ళు అడిగింది.

నలభై తొమ్మిదో ఏట ఆమెకు బ్యాలే నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది. ఈ వయసులో ఇదేమిటని అడిగిన ప్రతివారికీ ఆమె ఒకే జవాబు చెప్పేది. పాతికేళ్ళుగా పరుల నోళ్ళకు నకళ్ళు తీస్తున్నానని, ఒక్కటైనా నాదంటూ చేయాలని ఉందని. ఆమె భర్త, మా తోడల్లుడు, బస్సు డ్రైవరు. ఆయన నోట మాట కన్నా ముందు హాస్యం వస్తుంది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందటే?" అన్నాడు.

"వంగకపోతే పోనీండి. గాలొస్తే ఊగుతుంది కదా" అని ఆమె సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

నా భార్య మాత్రం, మోకాలి చిప్ప జారితే మా ఇంటి గుమ్మం తొక్కవద్దని చెల్లెలిని హెచ్చరించింది. ఆ హెచ్చరిక వల్ల ఆమె ఒక్క తరగతి కూడా మానకుండా వెళ్ళిందని నా అనుమానం. ఆ ఇంటి ఆడపిల్లల్ని వద్దంటే చాలు.

దారాలూ గుండీలూ అమ్మే దుకాణం పైన, రెండో అంతస్తులో ఉండేది ఆ హాలు. వారానికి మూడు సాయంత్రాలు, ఆరు గంటలకు, పెద్దవాళ్ళకు తరగతి. మెట్లెక్కుతుంటేనే పాత చెక్క వాసన, చెమట వాసన, బూట్లు జారకుండా అద్దుకునే చెట్టు జిగురు పొడి వాసన కలిసి ముక్కును తాకేవట. నేర్చుకునేవారు ఎనిమిది మంది. వారిలో ఒక బ్యాంకు గుమాస్తా ఉండేవాడు. పొడుగాటి కాళ్ళ వల్ల అందరూ అతణ్ణి కొంగ అనేవారు. అతను మా మరదలిని అక్కా అని పిలిచేవాడు. నేర్పే ఆవిడ ఒకప్పటి నర్తకి. డెబ్బై దాటినా వెదురు బద్దలా నిలబడేవారు. ఆమెను అందరూ మేడమ్ అనే పిలిచేవారు.

ఇక్కడ ఆ తరగతి పద్ధతి ఒకటి వివరించాలి. తక్కిన కథంతా దాని మీద నిలిచి ఉంది.

హాల్లో ఎడమ గోడ పొడవునా నడుమెత్తున ఒక చెక్క కడ్డీ బిగించి ఉంటుంది. ముందు గోడ నిండా అద్దం. వెనక గోడ ఒట్టి సున్నం గోడ, చెమ్మ మరకలు తప్ప ఏమీ లేదు. అందరూ అద్దం వైపు ముఖం పెట్టి, ఎడమ చేయి కడ్డీ మీద ఆనించి, ఒకరి వెనక ఒకరు నిలబడి కుడి కాలితో అభ్యాసం చేస్తారు. అది ముగియగానే అందరూ వెనుదిరుగుతారు. ఇప్పుడు కుడి చేయి కడ్డీ మీద, అభ్యాసం ఎడమ కాలికి. అంతసేపూ ముందున్నవారు చివరివారవుతారు, చివరివారు ముందుకొస్తారు. కొత్తగా చేరినవారు సిగ్గుకొద్దీ చివర నిలబడి, ముందువారి పాదాలు చూసి అలాగే చేస్తుంటారు. వెనుదిరిగిన క్షణాన వారి ముందు ఎవరూ ఉండరు.

మా మరదలు ఎనిమిదో మనిషి. కుడి కాలు కొంగ పాదాలు చూసి ముచ్చటగా నడిచేది. వెనుదిరగ్గానే ముందు సున్నం గోడ. కాలు ముందుకా పక్కకా తెలిసేది కాదు. భుజం మీదుగా వెనక్కి దొంగచూపులు చూసేది. ఇంట్లో ఆ అవస్థ వర్ణించి చెబితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు నువ్వు గోడను తిడుతున్నావని తోడల్లుడు నవ్వాడు.

ఆరు నెలలు నిండాక ఒక ఆదివారం ఇళ్ళవాళ్ళందరి ముందూ ప్రదర్శన పెట్టాలని మేడమ్ నిర్ణయించారు. ఒక్కొక్కరే నిలబడి, రెండు వైపులా, ఎవరినీ చూడకుండా చేయాలి. చూపు పక్కకు పోయినవారు కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టవచ్చన్నారు. అలా అంటున్నప్పుడు ఆమె ఎవరి వైపు చూశారో ఎనిమిది మందికీ తెలుసు. కూర్చునే ప్రసక్తే లేదని మా మరదలు ఆ రాత్రే మా ఇంటికి ఫోను చేసి చెప్పింది. మేమేమీ అడగలేదు.

ఆ మర్నాటి తరగతిలో, వెనుదిరిగేసరికి, ఆమె ముందు ఒకరు నిలబడి ఉన్నారు.

ముందుగా మడమలు కనిపించాయి. వెలిసిన గులాబి రంగు సాటిను బూట్లు, మడమ దగ్గర తెల్లదారంతో కుట్టిన అతుకు. ఎవరో కొత్తగా చేరారు, పాపం గోడకూ నాకూ మధ్య ఇరుకున నిలబడ్డారు అనుకుంది. ఆ పాదాలు కదిలాయి. ఈమె పాదాలు వాటి వెంట కదిలాయి. ఒక్క లెక్క తప్పలేదు. నమూనా ఎదురుగా ఉంటే నకలు తీయడం ఆమెకు పాతికేళ్ళ అలవాటు. నమూనా ఎవరిదని ఆమె పనిలో ఎన్నడూ అడగలేదు. ఇక్కడా అడగలేదు. అదే ఆమె చేసిన పొరపాటు.

ఆ రోజు మేడమ్ మొదటిసారి ఆమెను మెచ్చుకున్నారు. మెట్లు దిగుతూ, నా ముందు నిలబడుతున్న ఆవిడెవరని ఆమె కొంగను అడిగింది. అతను పరాచికమనుకున్నాడు.

"నీ ముందా అక్కా? నీ ముందు గోడుంది."

మూడు తరగతులు అలాగే గడిచాయి. తరువాత పనిచోట బల్ల కింద ఆమె పాదాలు వాటంతటవే వేళ్ళు చాచడం మొదలుపెట్టాయి. బస్సు దిగబోతే ఎడమ కాలు మెట్టు మీద ఆగి, ఎవరి లెక్క కోసమో ఎదురుచూసింది. నిద్రలో ఆమె కాళ్ళు కర్రల్లా బిగుసుకుంటున్నాయని, దుప్పటి కింద ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుందని తోడల్లుడు చెప్పాడు. చెప్పేటప్పుడు హాస్యమాడలేదు. అది ఆమెను భయపెట్టింది.

ఆమె మేడమ్ దగ్గరకు వెళ్ళి జరిగినదంతా చెప్పింది. మేడమ్ లేచి తలుపు దగ్గరకు వేశారు. గొంతు తగ్గించి, "పాదాలు చూడొద్దని మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నాను కదమ్మా" అన్నారు. ప్రదర్శనకు రావద్దని, కావాలంటే తరగతే మానేయమని కూడా అన్నారు. ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది.

ప్రదర్శన ఆదివారం. శుక్రవారం సాయంత్రం అయిదున్నరకే మా మరదలు హాలుకు వెళ్ళింది. ఆ ఎడమ వైపు ఎవరి సాయమూ లేకుండా ఒక్కసారి చేసి చూసుకోవాలి, అంతే. వాన పడుతోంది. కరెంటు లేదు. అద్దం నిండా బూడిద రంగు వెలుతురు. కిటికీ రెక్క ఎక్కడో కొట్టుకుంటోంది. ఆమె బూట్లు వేసుకుని, కడ్డీ చివర తన చోట నిలబడి, కుడి కాలి అభ్యాసం చేసింది. మూడుసార్లు ముందుకు, నాలుగోసారి పక్కకు. కొంగ లేకపోయినా ఎక్కడా తప్పలేదు. ఊపిరి పీల్చుకుంది.

వెనుదిరిగింది.

ఆ పాదాలు ఉన్నాయి.

ఆమె ఈసారి వాటిని చూడదలచలేదు. చూపు పైకెత్తింది. పిక్కలు... తడిసి అంటుకున్న పలుచని గౌను... వెన్నెముక కణుపులు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. బిగించి కట్టిన ముడి. ముడి కింద మెడ... మరీ పొడుగ్గా ఉంది. తడి సున్నం వాసన వచ్చింది.

ముందు పాదం కదిలింది. ఈమె పాదం కదిలింది. ఈమె కదపలేదు.

ఒకటి. రెండు. మూడు.

ముందు మడమలు పైకి లేచాయి. ఈమె మడమలూ లేచాయి. ఇంకా పైకి... ఇంకా... వేళ్ళ కణుపులు పటపటమన్నాయి. దించబోతే దిగలేదు. కడ్డీ మీంచి చేయి తీయబోతే రాలేదు. మోకాలి వెనక నరం తాడులా బిగుసుకుంది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందున్న మెడ వెనక్కి తిరగలేదు. మాట మాత్రం ఆమె చెవి పక్కనే వినిపించింది.

"ఇక నువ్వు చూడక్కర్లేదు... ఆదివారం నేనే చేస్తాను."

మా మరదలు ఇక్కడ మంచినీళ్ళు అడుగుతుంది. తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, మళ్ళీ మొదలుపెడుతుంది.

ఆమెకు భయం కన్నా ముందు కోపం వచ్చిందట. ఆరు నెలలు. నా మోకాళ్ళు, నా వాపులు, నా వేడినీళ్ళ కాపడాలు. చప్పట్లు దీనికా.

"తప్పో ఒప్పో, నాది నేనే చేసుకుంటాను" అంది.

అని కళ్ళు మూసుకుంది. ఆ పాదాలు చేస్తున్నదానికి పూర్తిగా ఎడ్డెమంటే తెడ్డెమన్నట్టు చేయడానికి పూనుకుంది. కడ్డీ వైపున్న కాలు ఎవరూ కదపరు. కదిపితే మునివేళ్ళు గోడకు తగులుతాయి. ఆమె ఆ కాలే కదిపింది. బండరాయి జరిపినట్టు జరిపింది. ముందుకు... ముందుకు... ముందుకు... నాలుగోది పక్కకు. ఠక్. గోడకు కొట్టుకుని గోరు చిట్లింది. మడమ నేల మీదకు దిగింది.

కళ్ళు తెరిచింది. ముందున్న పాదాలు నిలిచిపోయాయి.

తరువాత, మెల్లగా, అవి తిరిగాయి. మడమలు అటు, వేళ్ళు ఇటు. ఇప్పుడు అది ఆమెకు ఎదురుగా ఉంది. ఆమె ముఖం చూడలేదు. పిరికితనం వల్ల కాదని, చూస్తే మళ్ళీ నకలు తీస్తానేమోనని చూడలేదని ఆమె నాకు చెప్పింది.

తలుపు వైపు పరుగెత్తలేదు. ఆమె చేసినది ఒక్కటే. తరగతి పద్ధతి ప్రకారం వెనుదిరిగింది. దానికి వీపు చూపించి నిలబడింది.

"నువ్వు నా వెనక. చూసి నేర్చుకో."

అద్దంలో ఆమె ఒక్కతే ఉంది. వెనక సున్నం గోడ తప్ప ఏమీ లేదు. ఆమె మళ్ళీ కడ్డీ వైపు కాలే కదిపింది. ముందుకు. వెనకాల నేల మీద బూటు రాచుకున్న చప్పుడు. ముందుకు. మళ్ళీ ఆ చప్పుడు. మెడ మీద చల్లని ఊపిరి... ముందుకు. చప్పుడు. నాలుగోది పక్కకు. ఠక్.

వెనక... ఠక్.

కరెంటు వచ్చేదాకా ఆమె ఆగలేదు. ఎన్నిసార్లు చేసిందో లెక్క లేదు. ఆరింటికి కొంగ తలుపు తీసేసరికి ఆమె కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది, బూటు ముందు భాగం ఎర్రగా తడిసి ఉంది. ఏమైందక్కా అంటే, ఎడమ వైపు వచ్చేసిందిరా అంది.

ఆదివారం మేము వెళ్ళాం. పట్టీ కట్టిన వేలుతో ఆమె రెండు వైపులా చేసింది. రెండుచోట్ల తప్పింది, చూపు పక్కకు పోలేదు. మా తోడల్లుడు అందరికన్నా ముందు లేచి నిలబడి, బస్సు హారన్‌కు సాటివచ్చే గొంతుతో కేక వేశాడు. నా భార్య కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళు ఇంకా ఉన్నాయి లెమ్మంది.

ఇక ఎవరెవరు ఏమయ్యారంటే. మేడమ్ ఆ ఏడాదే హాలు ఖాళీ చేసి, వేరే పేటలో నాలుగు గోడలకూ అద్దాలున్న గది చూసుకున్నారు. కారణం ఎవరికీ చెప్పలేదు. ఎనభై రెండేళ్ళు నిండాక నిద్రలో ప్రశాంతంగా వెళ్ళిపోయారు. కొంగకు వేరే ఊరు బదిలీ అయింది. అక్కడ పెళ్ళాన్నీ తరగతిలో చేర్పించాడు. తోడల్లుడు ఉద్యోగ విరమణ చేసి, భార్య బూట్లకు సాగే పట్టీలు కుట్టిపెడుతున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి రెండు జతల కళ్ళద్దాలు మారుస్తాడు. మా మరదలికి అరవై ఒకటి. కొత్త హాల్లో ఎవరూ అడగకుండానే వరుసకు ముందు నిలబడుతుంది. ఎవరి పాదాలూ చూడదు.

కిందటి నెల గుండీలు కొనడానికి నేను ఆ పాత దుకాణానికి వెళ్ళాను. సాయంత్రం ఆరు కావస్తోంది. పై అంతస్తుకు పన్నెండేళ్ళుగా తాళం వేసి ఉందని దుకాణదారు చెప్పాడు. చెబుతుండగానే పైకప్పు మీద మెల్లగా రాపిడి మొదలైంది. ఒకటి, రెండు, మూడు. తరువాత గోడకు ఠక్.

అతను గుండీలు పొట్లం కడుతూ తలెత్తలేదు. రోజూ ఉండేదేనన్నాడు.

"ముందు ఒక్కరే ఉండేవారండీ. ఈ ఏడాది నుంచి వెనక ఇంకొకరు చేరారు."

నేను కదలకుండా విన్నాను. రాపిడి మళ్ళీ మొదలైంది. నాలుగో లెక్కకు ఠక్ మంది. కొంచెం ఆలస్యంగా, కొత్తవారి తడబాటుతో, ఇంకొక ఠక్.