గాలి తీసిందెవరు?

"ఈ ప్లాస్టర్ ఎవరు అంటించారండీ?"

కారు డాష్‌బోర్డు మీద, సరిగ్గా పసుపు దీపం వెలిగే చోట, తెల్లటి ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. మెకానిక్ దాన్ని గోటితో గీరుతూ అడిగాడు.

"నేనే," అంది కారు ఆవిడ. "రెండేళ్ళుగా ఆ దీపం నన్నే గుడ్లప్పగించి చూస్తోంది. విసుగొచ్చి కళ్ళు మూశాను."

"మీరేం చేస్తుంటారు?"

"పళ్ళ డాక్టర్ని."

"అయితే పంటినొప్పని ఎవరైనా వస్తే, నోటికి ప్లాస్టర్ వేసి పంపిస్తారా?"

షెడ్డులో వాళ్ళంతా పనులాపి మరీ నవ్వారు. పాత ఎలక్ట్రిక్ కార్లకు కొత్త హంగులు అమర్చే షెడ్డు అది. ఇతగాడికి పనితనం ఎంతుందో నోటి దురుసు అంతకు రెట్టింపు. తన చేతిలో పడ్డ బండి మళ్ళీ రిపేరుకు రాదని చెప్పుకునేవాడు. ఆ మాట ఇంకెవరూ అనేవారు కాదు కాబట్టి తనే అనుకోవాల్సి వచ్చేది.

డాక్టరమ్మ అతని ముఖంలోకి కాసేపు చూసింది. "మీరు ఎడమవైపే నవ్వుతున్నారు. కుడి దవడ పన్ను పుచ్చినట్టుంది. చూపించుకోండి."

అతని నవ్వు సగంలో ఆగిపోయింది. నవ్వడానికి మిగిలిన ఆ సగం షెడ్డు వాళ్ళు పూర్తిచేశారు.

"ముందు మీ కారు సంగతి చూద్దాం," అన్నాడు గొంతు సవరించుకుని. "చక్రాల్లో గాలిని కొలిచే సెన్సార్లున్నాయి. వాటి బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి. ఆ దీపం గాలి తగ్గిందని చెప్పట్లేదు, 'నాకేం కనబడట్లేదు మొర్రో' అని ఏడుస్తోంది. మీరేమో దాని నోరు నొక్కేశారు. అసలే ఎలక్ట్రిక్ కారు, బరువెక్కువ. గాలి తగ్గితే టైర్లు అరుగుతాయి, చార్జింగూ తొందరగా అయిపోతుంది."

"అందుకేనా క్లినిక్ నుంచి ఇంటికొచ్చేసరికి నాకంటే అదే ఎక్కువ నీరసపడిపోతోంది?"

నాలుగు చక్రాలకూ కొత్త సెన్సార్లు పెట్టాడు. సీటు కింద చిన్న డబ్బా బిగించాడు. ఇకమీదట ఏ టైరులో ఎంత గాలుందో ఆమె ఫోనుకే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే అతను ఆమెకు ఫోన్ చేశాడు.

"మీ ఎడమ వెనక టైరులో గాలి తగ్గిందండీ."

"నా కారు మా ఇంటి ముందుంది. మీరెక్కడున్నారు? కారు కిందా?"

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. పరీక్ష కోసం తన ఫోన్ కూడా ఆ డబ్బాకు కలిపి, తీసేయడం మరిచిపోయాడు. ఆ మాటే చెప్పి, "కారు తీసుకొస్తే ఒక్క నిమిషంలో తీసేస్తాను," అన్నాడు.

"మీరు మరిచిపోతే నేను రావాలా? నాకు తీరిక లేదు."

వెనక నుంచి ఒక పెద్దాయన గొంతు వినబడింది. "ఎవరమ్మా?"

"గాలోడు నాన్నా."

మెకానిక్‌కు ఒళ్ళు మండింది. ఇంత అవమానం జరిగాక ఆమె నంబరు చెరిపేద్దామనుకున్నాడు. పేరు మార్చి, 'పళ్ళు నూరే డాక్టర్' అని రాసుకుని ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఎడమ వెనక టైరుకు ఏం పోయేకాలం వచ్చిందో, వారం తిరక్కుండా మళ్ళీ మళ్ళీ గాలి తగ్గేది. అతను ఫోన్ చేయడం, ఆమె దెప్పడం, ఇతను తిప్పికొట్టడం. టైరు సంగతి మొదటి మాటతోనే అయిపోయేది. ఫోన్ మాత్రం చెవి వేడెక్కేదాకా నడిచేది.

ఇంతలో అతని దవడ బూరెలా పొంగింది. పరువు చంపుకుని క్లినిక్‌కు వెళ్ళాడు.

"రండి రండి! ఇన్నాళ్ళూ ఏ ప్లాస్టర్ వేసుకున్నారు?" అని స్వాగతం పలికింది. మత్తు సూది పొడిచింది. "మొద్దుబారడానికి కాసేపు పడుతుంది. మీకు అంతసేపు అక్కర్లేదేమో," అంటూ బయటికి వెళ్ళింది.

అతని జేబులో ఫోన్ కుయ్యిమంది. ఎడమ వెనక టైరు.

ఆమె వేళ్ళకంటిన నల్లటి మసి తుడుచుకుంటూ లోపలికొచ్చింది. "ఏంటి, మళ్ళీ ఎడమ వెనక టైరేనా?"

తను ఫోన్ చూపించనేలేదని అతనికి తట్టలేదు. "ఊఁ," అన్నాడు దీనంగా. ఆ పూట మొద్దుబారింది దవడొక్కటే కాదు.

చికిత్స అయ్యాక టైరు విప్పి సబ్బునీళ్ళు పోసి చూశాడు. ఒక్క బుడగ కూడా రాలేదు. వాల్వు మార్చాడు, సెన్సారు మార్చాడు. రెండ్రోజులకే మళ్ళీ కుయ్యిమంది. షెడ్డులో వాళ్ళు అతన్ని చూసి టైరు గాలి పోయినట్టు 'తుస్స్' మనడం మొదలుపెట్టారు. అతనికి నిద్ర పట్టలేదు.

ఆదివారం ఉదయం వాళ్ళింటికి వెళ్ళాడు. లెక్కల మాస్టారుగా రిటైరైన ఆమె నాన్న తలుపు తీశాడు. టీ ఇప్పించి, "మీరు మాట్లాడుకోండి," అని బయటికి నడిచాడు.

మెకానిక్ కప్పులోకి చూస్తూ అన్నాడు. "ఈ కారు నా వల్ల కాదండీ. ఇంకో షెడ్డులో మంచి పనివాడున్నాడు, అతనికి అప్పగిస్తాను. నా ఫోన్ కూడా తీసేస్తాను. ఇక మీకు నా బెడద ఉండదు."

వెక్కిరింపు వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. తలెత్తితే ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"మొదటిసారి మీరు వాల్వు సరిగ్గా బిగించలేదు," అంది మెల్లగా. "అది నేనే బిగించుకున్నా."

"మరి తర్వాత?"

"తర్వాత... నేనే వదులు చేశా."

"ఎందుకు?"

"గాలి నిండుగా ఉంటే మీరు ఫోన్ చెయ్యరు కదా, మొద్దూ!"

అతను కప్పు కింద పెట్టాడు. సాసరులో కాదు, దాని అంచు మీద. టీ ఒలికింది.

"అంటే సెన్సార్లు బాగానే ఉన్నాయా?"

"అయ్యో రాత! నేనేం చెప్తున్నాను, మీరేం అడుగుతున్నారు?"

"విన్నానండీ." ఒలికిన టీని చొక్కా అంచుతో తుడిచాడు. "నిజం చెప్పనా? మీ టైరు బాగుపడుతుందేమోనని నాకు రోజూ భయమే. బాగైతే ఏ వంకతో ఫోన్ చెయ్యను?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఫోన్ కుయ్యిమంది. ఎడమ వెనక టైరు.

"నేనిక్కడే ఉన్నానుగా!" అంది ఆమె.

ఇద్దరూ వీధిలోకి పరుగెత్తారు. కారు వెనక గొంతుక్కూర్చుని, పెన్ను మూతతో వాల్వు నొక్కుతూ పట్టుబడ్డాడు మాస్టారు.

"నాన్నా! నువ్వా?"

"నువ్వు వారానికోసారి తీస్తే ఈ లెక్క ఎప్పటికి తేలుతుందమ్మా? అందుకని మధ్యమధ్యలో నేనూ ఓ చెయ్యి వేశాను." ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "ఇతగాడేమో సబ్బునీళ్ళు పోసుకుంటూ కూర్చున్నాడు. ఇవాళ కూడా తేల్చకుండా వెళ్ళిపోతాడేమోనని..."

"తేలిందండీ," అన్నాడు మెకానిక్.

మాస్టారు కూతురి వంక చూశాడు. ఆమె చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, వీధి చివరికి చూస్తోంది. పళ్ళ డాక్టరై ఉండి పెదవి కొరుక్కుంటోంది.

"అయితే పంపు తెచ్చావా, అల్లుడూ?"

అల్లుడికి చెవుల్లో ఆ మాట తప్ప ఇంకేం వినబడలేదు. పంపు తెచ్చాడు, కూర్చున్నాడు, ఆమెను చూస్తూ గాలి కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. అది ఎడమ టైరో కుడి టైరో చూసుకున్న పాపాన పోలేదు.

ఫోన్ మళ్ళీ కుయ్యిమంది. కుడి వెనక టైరట. గాలి ఎక్కువైందట.